వారసత్వం ఎవరిది? రక్షణ ఎవరికి?

వారసత్వం అన్న మాట మా పేటల్లో ఎవరూ వాడరు. ఆ మాట వినపడేది తాసీల్దారు ఆఫీసులో, లేకపోతే కోర్టులో. తాత పేరున పట్టా ఉంటే మనవడికి వారసత్వం ఉంటుంది. పట్టా లేనివాడికి వారసత్వమూ లేదు, వారసత్వ తగాదా కూడా లేదు. కంబారి కొడుక్కి తండ్రి నుంచి వచ్చింది కంబారితనం, దాంతోపాటు తీరని అప్పు. ఇలాంటి మాటకి 'సాంస్కృతిక' అన్న విశేషణం తగిలించి, ఇది మనందరిదీ అని చెప్తున్నప్పుడు, ఆ 'మనందరి'లో మేము ఉన్నామా లేమా అని అడగక తప్పదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రక్షిత స్థలాలుగా, పర్యాటక కేంద్రాలుగా చెప్పుకుంటున్న కొన్ని చోట్లని తీసుకుని ఈ ప్రశ్న వేస్తున్నాం.

ముందు చట్టం సంగతి. 1958 నాటి ప్రాచీన కట్టడాలు, పురావస్తు స్థలాల చట్టం ప్రకారం ఒక కట్టడం రక్షణ పొందాలంటే కనీసం వందేళ్ళు ఉండి ఉండాలి. దానికి చారిత్రక, పురావస్తు లేదా కళాపరమైన విలువ ఉండాలి. 2010లో ఈ చట్టాన్ని సవరించి రక్షిత కట్టడం చుట్టూ వంద మీటర్లు నిషిద్ధ ప్రాంతం అన్నారు, ఆపైన మరో రెండు వందల మీటర్లు నియంత్రిత ప్రాంతం అన్నారు. కట్టడాన్ని పాడుచేస్తే అంతకుముందు మూడు నెలలున్న జైలు శిక్షని రెండేళ్ళకి పెంచారు. ఈ చట్టం అక్కర్లేదని మేము అనడం లేదు. ఇది లేకపోతే ఎన్నో స్తూపాల ఇటుకలు ఈపాటికి గోడల్లో కలిసిపోయేవి, ఎన్నో శిల్పాలు సంతలో అమ్ముడుపోయేవి. కాని వందేళ్ళు నిలబడేది ఏది? రాయి నిలబడుతుంది, కాల్చిన ఇటుక నిలబడుతుంది. తాటాకు గుడిసె నిలబడదు. 2014లో హుద్‌హుద్ వచ్చింది, 2018లో తిత్లీ వచ్చింది. మట్టిగోడల ఇళ్ళు ఎన్ని కూలాయో ఈ జిల్లాల వాళ్ళకి చెప్పక్కర్లేదు. కాలానికి నిలిచిందే వారసత్వం అనుకుంటే, ఆ కాలంలో రాయి దక్కినవాడే వారసుడవుతాడు. రాయి మోసినవాడు అవడు. చట్టంలో కులం పేరు ఎక్కడా లేదు. లేకపోయినా పని జరిగిపోతోంది.

శాలిహుండం చూద్దాం. వంశధార దక్షిణపు ఒడ్డున కొండ మీద స్తూపాలు, చైత్యాలు, విహారాల పునాదులు ఉన్నాయి. 1919లో గిడుగు రామమూర్తి ఈ స్థలాన్ని వెలుగులోకి తెచ్చారు. తర్వాత లాంగ్‌హర్స్ట్, టి.ఎన్. రామచంద్రన్, ఆర్. సుబ్రహ్మణ్యం వంటివాళ్ళు తవ్వకాలు చేశారు. బ్రాహ్మీ లిపిలో శాసనాలు, తార, మారీచి విగ్రహాలు బయటపడ్డాయి. క్రీస్తుకు పూర్వం నుంచి క్రీ.శ. 12వ శతాబ్దం దాకా ఇక్కడ బౌద్ధం నడిచిందని పరిశోధకులు చెప్తారు. అంటే వెయ్యేళ్ళకి పైబడిన జీవితం. దీని గురించి మనకి దొరికే రాతలన్నీ ఒకే పద్ధతిలో ఉంటాయి: ఏ రాజవంశం కాలం, ఏ శైలి, ఏ శాఖ, ఎన్ని విగ్రహాలు. కొండ మీద ఇటుకకి పనికొచ్చే మట్టి కుప్పలు పోసి లేదు కదా. మట్టి తవ్వారు, పిసికారు, కాల్చారు, ఒక్కొక్క ఇటుకా నెత్తిన పెట్టుకుని కొండెక్కించారు. ఎవరు? ఆ ప్రశ్న ఏ గైడు పుస్తకానికీ అక్కర్లేకపోయింది. మా నాయనమ్మ తరం వాళ్ళని అడిగితే, "ఆ కొండకాడ మనకేటుందిరా, మన పొలవా, మన గుడా?" అన్నారు. చరిత్ర తెలీక అన్న మాటగా దీన్ని కొట్టిపారేయొచ్చు. మాకు మాత్రం చరిత్ర వాళ్ళకేం మిగిల్చిందో చెప్పే మాటగా అనిపించింది.

ఇక్కడ మనలో మనం మాట్లాడుకోవాల్సిన విషయం ఒకటుంది. 'అంటరానివాళ్ళెవరు' అన్న పుస్తకంలో అంబేద్కర్ 1948లో ఒక ప్రతిపాదన చేశారు. ఊరి చివర బతికిన చెదిరిన మనుషులు బౌద్ధాన్ని వదలకపోవడం వల్లా, గొడ్డుమాంసం తినడం మానకపోవడం వల్లా అంటరానివాళ్ళయ్యారని. దీన్ని పట్టుకుని మన సభల్లో కొందరు, శాలిహుండం కట్టింది మాలలే, రామతీర్థం భిక్షువులు మన తాతలే అని ప్రకటించేస్తున్నారు. ఆ ఆవేశం మాకు అర్థమవుతుంది. కాని ఈ రెండు జిల్లాల మాల, రెల్లి, పైడి కులాల వాళ్ళకి ఆ విహారాలతో రక్తసంబంధం ఉందని చూపించే శాసనం ఒక్కటీ మా కంటపడలేదు. అంబేద్కర్ కూడా తన ప్రతిపాదనని వాదనగానే పెట్టారు, వంశవృక్షంగా పెట్టలేదు. రక్తం ద్వారా హక్కు అడగడం జమీందార్ల పద్ధతి. పూసపాటి వాళ్ళు, బొబ్బిలి వాళ్ళు అలా అడుగుతారు. మనకి రెండు గట్టి ఆధారాలు ఉన్నాయి. ఒకటి శ్రమ: ఏ కట్టడమూ శ్రమ లేకుండా లేవలేదు, ఆ శ్రమ చేసిన వర్గాలు ఏ కాలంలోనైనా కిందనే ఉన్నాయి. రెండోది ఎంపిక: 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలమంది తెలిసి తెలిసి బుద్ధుణ్ణి ఎంచుకున్నారు. శాలిహుండం మనది అని ఈ రెండింటి మీద నిలబడి అంటే ఎవరూ కాదనలేరు.

రామతీర్థంలో ఇంకో సంగతి కనిపిస్తుంది. అక్కడ గురుభక్తులకొండ మీద బౌద్ధ విహారాల శిథిలాలు ఉన్నాయి. బోడికొండ మీద జైన అవశేషాలు, రాముడి గుడి ఉన్నాయి. 1910-11 ప్రాంతంలో అలెగ్జాండర్ రే గురుభక్తులకొండ మీద పరిశోధన చేశాడు. 2020 డిసెంబరు చివర బోడికొండ మీద రాముడి విగ్రహాన్ని ఎవరో ధ్వంసం చేశారు. అది తప్పు, శిక్ష పడాల్సిందే. వెంటనే పార్టీల నాయకులందరూ కొండెక్కారు, రాష్ట్రమంతా గోల అయింది. పక్క కొండ మీద బుద్ధుడి ఇటుకలు వందేళ్ళుగా ఎండకీ వానకీ అరుగుతుంటే ఇంత గోల ఎప్పుడైనా అయిందా? ఒక రాయికి గాయమైతే సమాజం మొత్తం గాయపడుతుంది, ఇంకో రాయి గాయం పురావస్తు శాఖ ఫైలుగా మిగిలిపోతుంది. ఏ వారసత్వానికి ప్రాణం ఉందనుకుంటున్నారో, ఏది చచ్చిపోయిందనుకుంటున్నారో దీన్నిబట్టి తెలుస్తుంది.

శ్రీముఖలింగం కూడా వంశధార ఒడ్డునే ఉంది. తూర్పు గాంగుల కళింగనగరం ఇదేనని చరిత్రకారులు చెప్తారు. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు రక్షిత కట్టడాలు. స్థలపురాణం ఏమంటుంది? ఒక సవర నాయకుడు, అతని ఇద్దరు భార్యలు, ఒక ఇప్పచెట్టు. ఆ చెట్టుని నరకబోతే శివుడు అందులోంచి కనిపించాడట. దేవుడి పేరులోనే ఇప్పచెట్టు ఉంది. మధుకం అంటే ఇప్ప. దేవుడు పుట్టింది సవరల చెట్టులో, సవరల గొడవలో. మరి గర్భగుడిలో ఎవరున్నారు? కథలో మొదటి పాత్ర అయినవాడు గుడిలోపల ఏ పాత్రా లేకుండా ఎలా పోయాడో స్థలపురాణం చెప్పదు. ఇక దళితుల సంగతి కథలో కూడా లేదు. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం 1947లో వచ్చింది. అప్పటిదాకా ఈ ప్రాంతపు పెద్ద గుళ్ళలోకి అంటరానివాళ్ళకి ప్రవేశం లేదు. అందుకే అంటున్నాం: ఈ గుళ్ళకి మా నుంచి 'రక్షణ' 1958లో కొత్తగా రాలేదు. ఆ రక్షణ వందల ఏళ్ళుగా గట్టిగా అమలైంది. కళింగ శిల్పశైలి గురించి ఎన్ని పేజీలైనా రాయండి, ఈ ఒక్క వాక్యం కూడా రాయండి అని మేము అడుగుతున్నాం.

గిడుగు రామమూర్తి పుట్టిన పర్వతాలపేట శ్రీముఖలింగానికి దగ్గరే. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం లేకపోతే, మాలాంటి మొదటితరం చదువుకున్నవాళ్ళు ఈ భాషలో ఇలా రాసేవాళ్ళం కాదు. ఆ రుణం ఒప్పుకుంటాం. ఆయన సవర భాషకి వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఆయన జీవితం గురించి రాసినవాళ్ళు ఒక మాట చెప్తారు: సవర భాష వచ్చిన ఒక హరిజనుణ్ణి ఇంట్లో పెట్టుకుని ఆయన ఆ భాష నేర్చుకున్నారని. ఆ కాలంలో ఒక బ్రాహ్మణ గృహస్థు అలా చేయడం చిన్న విషయం కాదు. కాని ఆ రాతలు చదివితే మనకి దొరికేది 'ఒక హరిజనుడు' మాత్రమే. నేర్చుకున్నవాడి పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. నేర్పినవాడు కులం పేరుగా మిగిలాడు. గురువుకి పేరు లేకుండా శిష్యుడి గొప్పతనాన్ని చెప్పుకోవడం మన సాహిత్య చరిత్రకి తప్పుగా అనిపించలేదు. శాలిహుండం ఇటుకల కింద ఉన్న మౌనమూ, ఈ మౌనమూ ఒకటే.

ప్రకృతి వారసత్వం దగ్గరికి వస్తే కథ మారుతుందా? టెక్కలి దగ్గర తేలినీలాపురానికి పెలికాన్లు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి గూళ్ళు కట్టుకుంటాయి. ఊరివాళ్ళు వాటిని కొట్టరు, కొట్టనివ్వరు. ఆ పక్షులకి తిండి పెట్టేది చుట్టుపక్కల ఉన్న తంపర. సోంపేట దగ్గర అలాంటి నేలనే బీల అంటారు. చేపలు, గడ్డి, తాగునీరు, సాగునీరు అన్నీ అందులోంచే. ప్రభుత్వ కాగితాల్లో మాత్రం అది పనికిరాని భూమి అయింది, థర్మల్ విద్యుత్ కేంద్రాలకి ఇచ్చేశారు. 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి ప్రాంతంలో పోలీసు కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. మత్స్యకారులు, చిన్న రైతులు, కూలీలు కాపాడబట్టే బీల ఇంకా ఉంది. పక్షుల పేరున ఫోటోలు, బోర్డులు ఉంటాయి. పక్షుల నీటిని కాపాడిన మనుషుల మీద కేసులు పెట్టారు.

యునెస్కో ప్రపంచ వారసత్వ ఒప్పందం 1972 నాటిది. ఆ జాబితాలో బానిసల వ్యాపారం నడిచిన గోరే దీవి 1978లోనే చేరింది, ఆష్‌విట్జ్ 1979లో చేరింది, నెల్సన్ మండేలాని బంధించిన రాబెన్ ద్వీపం 1999లో చేరింది. అంటే అన్యాయం జరిగిన చోటు కూడా వారసత్వమేనని ప్రపంచం ఒప్పుకుంది. 2025 నాటికి భారతదేశం నుంచి 44 స్థలాలు ఆ జాబితాలో ఉన్నాయి. 1927లో నీళ్ళు తాగే హక్కు కోసం అంబేద్కర్ వేలమందిని నడిపించిన మహద్ చవదార్ చెరువు వాటిలో లేదు. ఈ దేశపు వారసత్వ భావన గొప్పతనాన్ని దాచుకోవడానికి పనికొస్తోంది గాని, సిగ్గుపడాల్సినదాన్ని గుర్తుపెట్టుకోవడానికి ఇంకా సిద్ధపడలేదు.

2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో అయిదుగురు దళితుల్ని చంపారు. మడ్డువలస ప్రాజెక్టు కోసం సేకరించిన భూమిలో కొంత సాగు చేసుకున్నందుకు వచ్చిన గొడవ అది. చట్టంలోని వందేళ్ళ లెక్క ప్రకారం ఆ స్థలం రక్షణకి అర్హత పొందాలంటే 2112 దాకా ఆగాలి. అప్పటికి అక్కడ ఏ గుర్తూ నిలబడి ఉండకపోవచ్చు. ఆ అయిదు కుటుంబాల్లో ఆరోజు సంగతి చెప్పగలిగినవాళ్ళు అసలే ఉండరు.

అందుకని మనం చేయాల్సిన పని చట్టం మారేదాకా ఆగేది కాదు. టీచర్లు శాలిహుండానికి పిల్లల్ని విహారయాత్రకి తీసుకెళ్ళినప్పుడు ఇటుకలు ఎవరు మోశారని అడగండి. విద్యార్థులు ఎవరి పేటలో వాళ్ళు ముసలివాళ్ళ దగ్గర కూర్చుని పేర్లు రాసుకోండి: గుడిలోకి మొదట అడుగుపెట్టినవాళ్ళ పేర్లు, బడికి మొదట వెళ్ళినవాళ్ళ పేర్లు, భూమి కోసం దెబ్బలు తిన్నవాళ్ళ పేర్లు. మూడు తరాల పేర్లు ఒక నోటుపుస్తకంలో చేరితే అదొక శాసనమే. పట్టా లేనివాళ్ళం కాబట్టి, మన వారసత్వానికి సాక్ష్యాలు మనమే తయారుచేసుకోవాలి. ముసలివాళ్ళు పోతున్నారు, ఈ పని ఈ సెలవుల్లోనే మొదలుకావాలి.