సింహాసనం అడుగున ఏమున్నది?

ఢిల్లీ చూడబోయిన కుటుంబాలు ఎర్రకోట, కుతుబ్ మీనారు, రాజఘాట్ తిరిగిన తరువాత, పిల్లలు కోట అంటేనే మొగం చిట్లించే వేళకు, ఏదైనా వింత చూపించాలని వెతుకుతారు. అప్పుడు ఎవరో ఒకరు నవ్వుతూ చెప్పే చోటు ఒకటి ఉన్నది. అది నైరుతి ఢిల్లీలో, పాలం–డాబ్రీ రోడ్డు మీద, మహావీర్ ఎన్‌క్లేవులోని సులభ్ అంతర్జాతీయ మరుగుదొడ్ల మ్యూజియం. సులభ్ సంస్థను 1970లో నెలకొల్పిన బిందేశ్వర్ పాఠక్ 1992లో దీనిని ప్రారంభించినారు. అమెరికాలోని టైమ్ పత్రిక 2014లో ప్రపంచంలోని విచిత్రమైన మ్యూజియంలను ఏరి ప్రకటించినప్పుడు అందులో దీనికీ చోటు దక్కినది. వింత మ్యూజియం అన్న పేరు దీనికి అట్లా స్థిరపడిపోయినది. ఆ పేరు మేలు చేసిందా, కీడు చేసిందా అన్నది ఆలోచించదగిన విషయం.

మేలు చేయలేదనడానికి లేదు. తండ్రీ బిడ్డా ఒకచోట నిలబడి ఈ సంగతి గురించి బిగ్గరగా చదువుకొనే చోటు లోకంలో మరొకటి అరుదు. తెలుగువారి మాటే తీసుకుంటే, ఈ వస్తువుకు సూటి పేరు పెట్టడానికి భాష ఎన్నడూ ఇష్టపడలేదు. మనిషి దొడ్డికి వెళ్తాడు, బయటికి వెళ్తాడు, చెంబు పట్టుకొని వెళ్తాడు. ఎక్కడికి వెళ్ళినాడో మాత్రం ఎవరూ చెప్పరు. మరుగుదొడ్డి అన్న మాటలోనే మరుగు ఉన్నది. పాయిఖానా పారసీ నుంచి, లెట్రిన్ ఇంగ్లీషు నుంచి అరువు తెచ్చుకున్నవి. ఇట్టి సిగ్గును కాసేపైనా పోగొట్టినందుకు ఆ మ్యూజియాన్ని మెచ్చుకొనవలసినదే. నవ్వు వస్తే రానిద్దాం.

ఐతే నవ్వు ఎక్కడ ఆగుతున్నది అన్నది చూడవలసి ఉన్నది. లోపలి గదిలో క్రీ.పూ. 2500 నాటి హరప్పా నాగరికత మొదలుకొని నేటివరకు మరుగుదొడ్డి చరిత్రను కాలక్రమంలో గోడల మీద పరిచినారు. ఆ క్రమంలో సందర్శకులను నిలబెట్టేవి కొన్ని వస్తువులు. ఫ్రాన్సును 1643 నుంచి 1715 వరకు ఏలిన పద్నాలుగవ లూయీ కొలువుదీరి ఉండగానే కార్యం ముగించుకొన్నాడని చెప్పే సింహాసనానికి ఒక నమూనా ఉన్నది. వేటకు పోయే దొరలు డేరాలలో వాడుకొన్న, భోషాణం వంటి పెట్టె ఉన్నది. పుస్తకాల దొంతరవలె కనబడే పీఠం ఉన్నది. జలాంతర్గాములలో వాడే విద్యుత్ పరికరం ఉన్నది. అది మలాన్ని కాల్చి పిడికెడు బూడిద చేస్తుంది. పై అంతస్తు అధికారులకు, కింది అంతస్తు పనివాళ్ళకు అని చెప్పే రెండంతస్తుల మరుగుదొడ్డి దగ్గర అందరికన్నా పెద్దవాళ్ళే ఎక్కువగా నవ్వుతారు.

విజ్ఞానశాస్త్రం దృష్టితో చూస్తే ఈ కాలక్రమపు అమరికలోనే ఒక లోపం ఉన్నది. మరుగుదొడ్డిని దాని కాలాన్ని బట్టో, పై చెక్కడాన్ని బట్టో వేరుచేయడం, దీపాలను వాటి గాజు చిమ్నీల రంగును బట్టి వేరుచేయడం వంటిది. అడుగున ఏమి జరుగుతున్నది అన్నదే అసలైన భేదం. లూయీ సింహాసనం అడుగున ఉన్నది ఒక గిన్నె. కొలువు ముగియగానే ఆ గిన్నెను ఎవరో ఒకరు ఎత్తి, మోసి, పారబోయవలసినదే. వేట పెట్టె అడుగునా అంతే. పుస్తకాల దొంతర అడుగునా అంతే. పూర్వపు ఊళ్ళలో పెరటి గోడకు కన్నం పెట్టి, ఆ కన్నం గుండా వెనుక సందులోకి రేకు డబ్బా లాగించుకొనే పాకీదొడ్డి కూడా యంత్రనిర్మాణంలో సరిగా ఇదే. చక్రవర్తి సింహాసనానికీ, ఈ రేకు డబ్బాకూ వడ్రంగం వేరు, శాస్త్రం ఒకటే. వాటికన్నా మూడు, నాలుగు వేల యేళ్ళు పాతదైన మొహంజొదారో ఇల్లు ముందడుగులో ఉన్నది. అక్కడ మలినం నీటితోపాటు ఇటుక కాలువలోకి జారిపోయేది. కాలక్రమంలో వెనుక ఉన్నది శాస్త్రక్రమంలో ముందుకు వచ్చినది. ఈ తలక్రిందుల సంగతి చూసేవారికి తట్టాలంటే ఆ రెంటినీ పక్కపక్కన పెట్టాలి.

ఇక నీటి మరుగుదొడ్డి కథ. 1596లో సర్ జాన్ హారింగ్టన్ తొట్టె, కవాటం అమర్చి ఒక మరుగుదొడ్డిని వర్ణించినాడు; ఎలిజబెత్ రాణికి రిచ్‌మండ్ భవనంలో అట్టిదే ఒకటి పెట్టించినాడు. అది దాదాపు రెండు వందల యేళ్ళ వరకు వ్యాపించలేదు. కారణాలలో ఒకటి వాసన. ఆ గొట్టం తిన్నగా కిందికి పోయేది గనుక, కింది గుంటలో పుట్టిన వాయువులు అదే దారిన తిరిగి గదిలోకి వచ్చేవి. 1775లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల పనివాడు ఒక మరుగుదొడ్డికి పేటెంటు పొందినాడు. దాని గొట్టాన్ని అతడు ఇంగ్లీషు 'ఎస్' అక్షరంవలె వంచినాడు. అంతే! కుమ్మరించిన నీటిలో కొంత ఆ వంపులో నిలిచిపోతుంది. అటూ ఇటూ గాలి ఒత్తిడి సమానం కాబట్టి ఆ నీరు కదలదు. దానిని తోసుకొని రావడానికి వాయువుకు బలం చాలదు. ప్లంబర్లు ట్రాప్ అని పిలిచేది ఈ వంపునే. మామూలు కట్టుబడిలో ఈ నీటి అడ్డు లోతు 50 మిల్లీమీటర్లు, అనగా రెండంగుళాలు. వేసవి సెలవులకు ఊరు వెళ్ళి, నెల తరువాత ఇల్లు తెరిచిన వారికి గుప్పున వచ్చే కంపు ఆ రెండంగుళాల నీరు ఆవిరైపోయినందువల్లనే. ఒక చెంబెడు నీళ్ళు పోస్తే పోతుంది. మరుగుదొడ్ల చరిత్రలో అన్నిటికన్నా గొప్ప కల్పన ఇదే అనవచ్చు. ఐతే అది వంగిన గొట్టం. సింహాసనం పక్కన దానిని ఫోటో తీసుకొనేది ఎవరు?

ఆ వంపు ఇంటిని కాపాడినది; ఊరిని కాపాడలేదు. 19వ శతాబ్దంలో లండనులో నీటి మరుగుదొడ్లు పెరిగినకొద్దీ, అంతవరకు గుంటలలో ఉండినది నీటితో కలిసి పొంగి కాలువలకు, కాలువలనుంచి థేమ్స్ నదికి చేరినది. ఆ నదినుంచే తాగే నీరు వచ్చేది. 1854లో బ్రాడ్ వీధి పంపు చుట్టూ కలరా చావులను జాన్ స్నో పటం మీద గుర్తించినాడు. ఆ పంపు బావి పక్కనే ఒక మలకూపం కారుతున్నదని తరువాత బయటపడినది. 1858 వేసవిలో నది కంపుకు పార్లమెంటు సభ్యులు ముక్కులు మూసుకొన్నారు. భూగర్భ కాలువల నిర్మాణానికి డబ్బు మంజూరైనది అప్పుడే. కంటికి కనబడకుండా పోవడం వేరు, లేకుండా పోవడం వేరు అని లండను అంత ఖరీదు పెట్టి నేర్చుకొన్నది.

ఈ పాఠానికి సులభ్ వారి సమాధానం గదిలో లేదు, బయట ఆవరణలో ఉన్నది. రెండు గుంతల మరుగుదొడ్లను అసలు కొలతలతో కట్టి, అక్కడ చూడవచ్చునట్లు ఉంచినారు. పక్కన మలంతో నడిచే గ్యాస్ ప్లాంటు, ఆ గ్యాసుతో వెలిగే పొయ్యి ఉన్నవి. ఎండిన ఎరువు కూడా చూపిస్తారు, అది మట్టి. వాసన లేదు. గదిలో గంటసేపు గడిపి ఇక్కడ పది నిమిషాలకే గేటు వైపు నడిచే కుటుంబం మ్యూజియంలో సగం చూడనట్లే. గదిలోని వింతలు చూపు కట్టివేసేవి. ఆవరణలోనివి వివరించి చెప్పవలసినవి.

వివరణ కష్టం కూడా కాదు. నిటారుగా వాలిన బేసిన్, దాని కింద 20 మిల్లీమీటర్ల నీటి అడ్డుగల ట్రాప్. వాలు ఎక్కువ, నీటి అడ్డు తక్కువ గనుక ఒకటిన్నర, రెండు లీటర్ల నీరు చాలు. పాతరకం తొట్టెకు పది లీటర్లకు పైగా కావాలి. ట్రాప్ నుంచి వచ్చిన గొట్టం ఒక చిన్న గదిలో రెండుగా చీలుతుంది. ఒక పాయను ఇటుకతో మూసివేస్తారు. రెండవది ఒక గుంతలోకి తెరిచి ఉంటుంది. గుంత గోడ ఇటుకలను సందులు విడిచి జాలీగా పేరుస్తారు. నీరు ఆ సందులలోనుంచి నేలలోకి ఇంకుతుంది, వాయువులను మట్టే పీల్చుకొంటుంది, గట్టి పదార్థం సూక్ష్మజీవుల పాలవుతుంది. ఐదారుగురి కుటుంబానికి సుమారు మూడేళ్ళలో గుంత నిండుతుంది. అప్పుడు ఇటుక మార్చి రెండవ గుంతను తెరిస్తే, మొదటిది మూతలోనే ఉండి విశ్రాంతి తీసుకొంటుంది. ఏడాదిన్నర, రెండేళ్ళలో విరేచనాలు, కలరా, టైఫాయిడ్ కలిగించే క్రిములు తిండి లేక నశిస్తాయి. అందరికన్నా మొండివి ఏలికపాము గుడ్లు. ఈ వ్యవధి పెట్టినది ముఖ్యంగా వాటికోసమే. రెండవ గుంత ఉండటానికి అర్థమంతా ఈ కాలంలోనే ఉన్నది. ఒక్క గుంతే ఉంటే, నిండిననాడు పచ్చిదానిని ఎవరో దిగి తీయాలి. అట్లాగే, ఖర్చు కలిసివస్తుందని మేస్త్రీ రెండు గుంతలకూ ఒకేసారి గొట్టం తెరిచిపెడితే రెండూ కలిసే నిండుతాయి, మళ్ళీ మొదటికే వస్తుంది.

దీనికి హద్దులు లేకపోలేదు. నీరు పైపైనే ఉండే కోనసీమ వంటి చోట గుంతను నేలకన్నా ఎత్తున కట్టవలసి వస్తుంది; నల్లరేగడి నీటిని త్వరగా పీల్చదు; పగుళ్ళున్న రాతినేలలో మురికి నేరుగా బావిలోకి దిగవచ్చు. ఈ పద్ధతి ఏ ఒక్కరి సొత్తూ కాదు. చెంబు నీటితో నడిచే బేసిన్ మీద లక్నోలోని ప్రణాళికా పరిశోధన సంస్థ 1950ల దశకంలోనే పనిచేసినది. దానిని ఊరూరా పట్టుకెళ్ళి, పాకీపని మాన్పించే సాధనంగా మలచినది పాఠక్ గారి కృషి. ఆయన 2023 ఆగస్టు 15న కన్నుమూసినారు.

లెక్కలు ఎన్ని చెప్పినా గుంతను చూస్తే మనిషికి జంకు పోదు. 2017 ఫిబ్రవరిలో తెలంగాణలో వరంగల్లు దగ్గరి గంగదేవిపల్లిలో కేంద్ర తాగునీటి, పారిశుధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా గుంతలోకి దిగి, ఎరువు తవ్వి చూపినారు. అనేక రాష్ట్రాల అధికారులు ఆయనతో ఉన్నారు. ఒక్క ఫోటోలో అంత పాఠం చెప్పిన వస్తువు ఏ మ్యూజియం అద్దాల బీరువాలోనూ దొరకదు.

రెండంతస్తుల మరుగుదొడ్డి హాస్యం నిజంగా తగిలేది ఇక్కడే. పట్నాలలో ట్రాప్‌కు ఇవతల ఇల్లు, అవతల మ్యాన్‌హోలు. ప్రాణవాయువు అందని ఆ మురుగులో బాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడు పుట్టిస్తుంది. అది గాలికన్నా బరువు, గనుక అడుగున నిలుస్తుంది. కొంచెంగా ఉన్నప్పుడు కుళ్ళిన గుడ్డు వాసన. పదిలక్షల పాళ్ళ గాలిలో 100 పాళ్ళు దాటితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. 1000 దాటితే రెండుమూడు ఊపిర్లకు మనిషి కూలిపోవచ్చు. అతన్ని లాగబోయిన రెండవవాడూ పడిపోవడం వార్తాపత్రికలు చదివేవారికి తెలిసినదే. చేతులతో మలం ఎత్తించడాన్ని 1993 చట్టం నిషేధించినది, 2013 చట్టం మురుగు కాలువలకూ, సెప్టిక్ ట్యాంకులకూ ఆ రక్షణ విస్తరించినది. 2014లో సుప్రీంకోర్టు 1993 తరువాత మురుగులో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి పది లక్షల రూపాయలు ఇవ్వమన్నది. 2023లో ఆ మొత్తాన్ని ముప్ఫై లక్షలు చేసినది. ఈ పోరాటం నడిపినవారిలో ముఖ్యుడు, 2016లో మెగసెసే బహుమతి పొందిన బెజవాడ విల్సన్, కోలారు బంగారు గనుల ఊళ్ళో పాకీపని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టినవాడు.

కనుక ఆ గదికి కావలసినది కొత్త వింతలు కాదు, పాత వింతలకు కొత్త పొరుగువారు. లూయీ సింహాసనం పక్కనే ఒక రేకు డబ్బా, ఒక చీపురు ఉంచి, ఆ రెంటికీ మధ్య నీళ్ళు నింపిన గాజు ట్రాప్ ఒకటి బిగిస్తే పెద్ద ఖర్చు కాదు. రాజు అందరి ఎదుట ఎట్లా కూర్చున్నాడని కాక, ఆ గిన్నె ఎవరు తీసినారని పిల్లలలో ఒక్కరైనా అడగవచ్చు. అంతవరకు, ఢిల్లీ వెళ్ళే తెలుగు కుటుంబాలు ముందు ఆవరణ, తరువాత గది చూడటం మంచిది. గ్యాసు పొయ్యి వెలిగించి చూపమని, రెండు గుంతల మధ్య ఇటుక ఎట్లా మారుస్తారో తీసి చూపమని అడిగితే, చూపేవారికీ అది సంతోషమే.