కులవృత్తి పాఠమా, శ్రమ గౌరవ పాఠమా?

కంచ ఐలయ్య 2007లో పిల్లల కొరకు ఆంగ్లంలో రచించిన 'టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద ల్యాండ్' గ్రంథానికి దుర్గాబాయి వ్యామ్ బొమ్మలు వేశారు. తోలుపని, కుమ్మరం, నేత, క్షౌరం విజ్ఞానమేనని చూపడం దీని బలం. కులం పేరిట చిన్నబోయిన బిడ్డకు ఇది ధైర్యమిస్తుంది.

అయితే అధ్యాయాలు ఎక్కువగా కులవృత్తుల వారీగా సాగుతాయి. పటాన్‌చెరు, సంగారెడ్డి పారిశ్రామికవాడల్లో బిహార్, ఒడిశాల నుండి వచ్చిన కార్మికుల పిల్లలూ ఉన్నారు. శిక్షణ లేని ఉపాధ్యాయుడు అక్కడ "మీ ఇంటి వృత్తి ఏది?" అంటే, బిడ్డకు "మీదే కులం?" అని వినబడుతుంది. గౌరవ పాఠమే అవమానమవుతుంది. "ఈ పనికి ఏ నేర్పు కావాలి?" అని అడగడం బడి ఉపాధ్యాయులకే గాక మన సండేస్కూలు ఉపాధ్యాయులకును నేర్పవలసియున్నది. యేసును వడ్లవాడని స్వస్థలమువారే తీసివేసిరని (మార్కు 6:3) బోధించే మనకు ఈ బాధ్యత తప్పదు.