హంగర్ గేమ్స్ నవలాత్రయము – మన ప్రాంతపు కిశోర పాఠకుడు

బహుజనాదరణ పొందిన గ్రంథమును విద్వాంసులు రెండు విధముల ఉపేక్షించుచుందురు. జనాదరణయే గుణమునకు నిదర్శనమని కొందరు విచారణను మానుదురు. జనాదరణయే దోషమునకు నిదర్శనమని మరికొందరు గ్రంథమును తెరువకయే త్రోసివేయుదురు. సుజాన్ కాలిన్స్ అను అమెరికా రచయిత్రి వ్రాసిన 'ది హంగర్ గేమ్స్' (2008), 'కేచింగ్ ఫైర్' (2009), 'మాకింగ్‌జే' (2010) అను మూడు నవలలు ఈ రెండు విధముల ఉపేక్షకును తగినవి కావు. ఒక పరిశోధక విద్యార్థి సూచనపై నేను మొదటి సంపుటమును చేపట్టి, మూడవది ముగియువరకు విడువలేకపోతిని. ఈ గ్రంథముపై అనురాగము కలిగినదని చెప్పుటకు సంకోచింప నవసరము లేదు. ఆ అనురాగమునకు కారణమును వెదకుటయే విమర్శకుని పని.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి పట్టణములలో పెరిగిన పదునాఱేండ్ల బాలిక ఈ నవలలను చదివి తనవిగా భావించుటకు హేతువేమి? వస్తువు నూతనమగుట చేతనని ఒక సమాధానము వినబడును. 2012 నుండి 2015 వరకు వెలువడిన నాలుగు చలనచిత్రముల ప్రభావమని మరియొక సమాధానము. ఈ రెండును కొంతవరకే నిజము. ఈ నవలలలోని లోకము మన ప్రాంతపు పాఠకునికి నూతనము కాదు, పరిచితము. ఆకర్షణకు మూలము ఆ పరిచయమే యని ఈ వ్యాసమున నిరూపింప యత్నింతును.

ముందుగా ప్రక్రియను గూర్చి రెండు మాటలు. 1516లో థామస్ మోర్ ఆదర్శలోకమును కల్పించి దానికి 'యుటోపియా' అని పేరిడెను. దానికి విపర్యయమైన లోకమును, అనగా నేటి దోషములు పెరిగి పెరిగి శాసనములుగా స్థిరపడిన లోకమును, చిత్రించు నవలను పాశ్చాత్యులు 'డిస్టోపియా' శాఖలో చేర్తురు. మనలో దానికి స్థిరమైన పేరు లేదు గనుక ఇచట 'దుర్లోక నవల' అని వ్యవహరింతును. రష్యా రచయిత జమ్యాతిన్ వ్రాసిన 'మేము', హక్స్‌లీ వ్రాసిన 'బ్రేవ్ న్యూ వరల్డ్' (1932), ఆర్వెల్ వ్రాసిన '1984' (1949) ఈ శాఖలో సుప్రసిద్ధములు. ఇవి ప్రౌఢుల కొరకు వ్రాయబడినవి. లోయిస్ లోరీ వ్రాసిన 'ది గివర్' (1993) వంటి కృతులతో ఈ శాఖ కిశోరుల చేతికి వచ్చినది. కాలిన్స్ నవలల పిమ్మట అది ప్రవాహమైనది.

తెలుగున ఈ వయస్సునకు తగిన వచన సాహిత్యము మిక్కిలి కొఱత. 1947లో ఆరంభమైన 'చందమామ' బాలురను అనేక తరములు పోషించినది. కాని చందమామను దాటిన పాఠకుడు నేరుగా పెద్దల నవలలోనికి అడుగిడవలసి వచ్చినది. పండ్రెండేండ్లకును పదునెనిమిదేండ్లకును నడుమ నున్నవాడు ఏమి చదువవలెనను ప్రశ్నకు మన సాహిత్య చరిత్రకారులు సమాధానము వెదకినది తక్కువ. కాలిన్స్ కథలో శాసనము బలిగోరునది సరిగా ఈ వయస్సువారినే యగుట గమనింపదగినది.

కథను సంగ్రహముగా చెప్పుదును. ఉత్తర అమెరికా శిథిలములపై వెలసిన పానెమ్ అను రాజ్యమున 'కాపిటల్' అను రాజధానియు, దాని క్రింద పండ్రెండు మండలములును కలవు. పూర్వమొక తిరుగుబాటు అణచబడినది. పదుమూడవ మండలము నాశనమైనదని ప్రకటింపబడినది. ఆ తిరుగుబాటునకు దండనగా ప్రతి సంవత్సరము ఒక్కొక్క మండలమునుండి పండ్రెండు మొదలు పదునెనిమిదేండ్ల వయస్సుగల ఒక బాలుని, ఒక బాలికను చీట్లు తీసి ఎన్నుకొందురు. ఇరువదినలుగురును ఒక రంగస్థలమున ఒకరినొకరు చంపుకొనవలెను; మిగిలిన ఒక్కరు విజేత. రాజ్యమంతయు దానిని తెరపై చూచితీరవలెను. డెబ్బదినాలుగవ క్రీడకు పండ్రెండవ మండలమున ప్రిమ్ అను పండ్రెండేండ్ల బాలిక పేరు వచ్చును. ఆమె అక్క కాట్నిస్, పదునాఱేండ్లది, చెల్లెలికి బదులుగా తాను ముందునకు వచ్చును. పానెమ్ అను పేరు లాటిన్ భాషలో రొట్టెను తెలుపు శబ్దము. రొట్టెను, వినోదమును ఇచ్చినచో ప్రజలు అన్నియు మఱతురని రోము కవి జువెనాల్ చేసిన నింద ఆ పేరున ఇమిడియున్నది.

ఇక ప్రధాన విషయమునకు వత్తము. పానెమ్‌లో మండలములకు వేఱు పేర్లు లేవు. సంఖ్యలును వృత్తులును మాత్రము కలవు. పండ్రెండవది బొగ్గుగనులది, పదునొకండవది వ్యవసాయమునది, ఎనిమిదవది వస్త్రములది. ఏ మండలమువారు ఏది ఉత్పత్తి చేయుదురో దానిని వారు అనుభవింపరు. ఈ నియమమే ఆ లోకమునకు రాజ్యాంగము. పూర్వపు కరీంనగరు జిల్లా పటమును ఎఱిగినవానికి ఈ అమరిక వింతగా తోచదు. గోదావరిఖనిలో బొగ్గు, జగిత్యాలలో వరి, సిరిసిల్లలో మరమగ్గము, కోరుట్లలో బీడీలు చుట్టు స్త్రీలు: ఒక్కొక్క ఊరు ఒక్కొక్క పనిగా పరిచయమగుట మనకు అలవాటు. 'జగిత్యాల సన్నాలు' అను వరి వంగడము ఈ నేలపై రూపొందినదే. ఆ సన్నబియ్యమును అమ్ముకొని చౌకధరల దుకాణపు దొడ్డుబియ్యమును చాలకాలము తినిన రైతుల యిండ్లు ఎన్నో కలవు. పదునొకండవ మండలమునుండి వచ్చిన రూ అను పండ్రెండేండ్ల బాలిక, పండించిన పంటను తామే తినినచో కొరడాదెబ్బలు తప్పవని చెప్పినపుడు కాట్నిస్ ఆశ్చర్యపడును. శిక్షలో గల భేదమును గుర్తించుచునే, మన పాఠకుడు ఆ వైపరీత్యమును ఎఱుగును.

రెండవ సంపుటమున ఎనిమిదవ మండలమునుండి పారిపోయివచ్చిన ఇరువురు స్త్రీలు అడవిలో కాట్నిస్‌కు తారసపడుదురు. ఒకతె ఉపాధ్యాయిని, మరియొకతె ఆమె శిష్యురాలు. ఇరువురును కర్మాగారమున పనిచేయువారే. అచట తయారగునవి తమను అణచు రక్షకభటుల దుస్తులే. సిరిసిల్ల చదువరికి ఈ ఘట్టము ఆగి చదువవలసినది. 2017 మొదలుకొని కొన్ని సంవత్సరములు ప్రభుత్వపు బతుకమ్మ చీరల పని ఈ పట్టణమున మగ్గములను నడిపినది. అంతకు పూర్వము పని లేక, అప్పులు తీరక నేతకార్మికులు ప్రాణములు తీసికొనిన యేండ్లలో పత్రికలు ఈ ఊరిని 'ఉరిసిల్ల' అని వ్రాసినవి. మూడవ సంపుటమున ఉరిచెట్టును గూర్చిన పాట యొకటి కలదు. కాట్నిస్ తల్లి ఆ పాటను ఇంట పాడరాదని నిషేధించియుండెను. అన్యప్రాంత పాఠకునికి ఉరి ఒక ప్రతీక కావచ్చును. సిరిసిల్లలో పెరిగినవానికి అది ప్రతీక కాదు. తల్లి ఆ పాటను ఏల వలదనినదో వానికి ఎవరును వివరింప నక్కఱలేదు.

ఈ నవలలలో శిల్పపరముగా శ్రేష్ఠమైన కల్పన ఏది యనినచో నేను 'టెసెరా' అనుదును. పేదయింటి బాలుడు తన పేరును అదనముగా ఒకసారి పెట్టెలో వేయించుకొనినచో, ఒక మనుష్యునికి సంవత్సరమునకు చాలీచాలని ధాన్యమును, నూనెను ఇత్తురు. కుటుంబమున ఎందఱుందురో అన్ని చీట్లు వేయించుకొనవచ్చును. అవి ఏటేట కూడుచుండును. కాట్నిస్ పేరు ఇరువది చీట్లపై నుండును. ఆమె మిత్రుడు గేల్ పేరు నలువదిరెండు చీట్లపై నుండును. చట్టము అందఱికి సమానమే. ఆకలి మాత్రము సమానము కాదు. కావున మృత్యువును సమానముగా పంచునట్లు కనబడు ఆ పెట్టె వాస్తవమున పేదలవైపు మ్రొగ్గును. ఎవరును బలాత్కరింపలేదు, వాడే సంతకము చేసెను అని రాజ్యము చెప్పుకొనగలదు. గల్ఫు ప్రయాణమునకై అప్పుచేసి దళారి చూపిన కాగితముపై వేలిముద్ర వేసిన తండ్రులు గల ఊళ్ళు కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్లల చుట్టును కలవు. అవసరమునకు సమ్మతియని పేరిడు విద్య అచట పుస్తకము చదివి నేర్వవలసినది కాదు.

బలికై వంతులవారీగా మనుష్యులను పంపు కథ మనకు అపరిచితము కాదు. తన కల్పనకు గ్రీకుల థీసియస్ గాథ ఒక ప్రేరణయని కాలిన్స్ చెప్పియున్నది. ఏథెన్సు నగరము ఏడుగురు యువకులను, ఏడుగురు కన్యలను క్రీటు ద్వీపమునకు పంపుట అందలి వృత్తాంతము. తెలుగు పాఠకునికి అంతకన్న సన్నిహితమైనది ఆదిపర్వములోని ఏకచక్రపుర కథ. బకాసురునికి ఇంటికొకరు చొప్పున వంతు. ఆ దినము వంతు వచ్చిన బ్రాహ్మణుని యింట తండ్రి, తల్లి, కూతురు తాము పోదుమనగా తాము పోదుమని వాదులాడుకొందురు. వ్యాసభారతమున పసిబాలుడు గడ్డిపోచను చూపి దానితోనే రాక్షసుని చంపెదననును. కాట్నిస్ చెల్లెలికై ముందడుగు వేయునపుడు మనకు గుర్తువచ్చునది ఈ యిల్లే. కాని భేద మొకటి కలదు. బకుడు రాక్షసుడు, భీముడు వానిని చంపినంతనే పట్టణమునకు విముక్తి. పానెమ్‌లో తినునది శాసనము. దానికి తిథి కలదు, వేడుక కలదు, ప్రేక్షకులు కలరు. ఒక్కని చంపినందున అది చావదు. పురాణకథకును దుర్లోక నవలకును గల సరిహద్దు ఈ భేదమే.

ఆ శాసనము ఎట్లు బీటలు వారునో చూపిన ఘట్టము మొదటి సంపుటమునకు ప్రాణము. రూ చనిపోయినపుడు కాట్నిస్ ఆ బాలిక దేహమును పూలతో కప్పును. కొంతసేపటికి పదునొకండవ మండలపు ప్రజలు రొట్టె నొకదానిని ఆమెకు పంపుదురు. అంతవరకు మండలమునకును మండలమునకును మధ్య మృత్యుస్పర్ధయే తప్ప సంబంధము లేదు. ఆ రొట్టెతో బంధుత్వము ఏర్పడినది. కరుణమునుండి వీరము అంకురించుట ఇచట ప్రత్యక్షముగా చూడవచ్చును. ఈ కథలో మూడు వ్రేళ్ళెత్తి చేయు అభివాదము 2014లో థాయిలాండున సైనిక పాలనకు నిరసనగా వీథులలో కనబడినది. 2021లో మయన్మారునను కనబడినది. కిశోరుల నవలలోని ఒక సంజ్ఞ ఇంతదూరము నడచుట సామాన్యము కాదు.

అనురాగము దోషములను కప్పిపుచ్చరాదు. ఈ మూడు సంపుటములును కాట్నిస్ కంటితో, ఆమె నోటితో, వర్తమానకాల క్రియలతో నడచును. వాక్యములు పొట్టివి, సరళములు. చిన్న పట్టణపు విద్యార్థియు ఆంగ్లమున చదువగలుగుటకు అది కారణము. కాని అదే కథకు పరిమితి. ఎనిమిదవ మండలపు తిరుగుబాటు మనకు ప్రధానముగా పారిపోయివచ్చిన ఇరువురి మాటలుగా వినబడును. నేతవారు ఎట్లు కూడిరి, ఏమి చర్చించిరి, ఎవరు భయపడిరి అను వివరములు స్వల్పము. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో జరిగిన రైతుకూలీల జైత్రయాత్రను, ఆ యేడే అక్టోబరున జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించుటను ఎఱిగిన పాఠకుడు ఈ లోపమును వెంటనే పట్టును. ఆ కాలపు పోరాటములను వస్తువుగా గొనిన అల్లం రాజయ్య నవల 'కొలిమి అంటుకున్నది'లో ఊరే కథానాయకుడు. వెట్టి, కూలి, బంజరు అను మాటలు అచట జనము నోట తర్కింపబడును. కాలిన్స్‌కు చేతగానిది ఆ నవలకు చేతనైనది.

అయినను కాలిన్స్ పక్షమున చెప్పవలసిన దొకటి మిగులును. మూడవ సంపుటమున పదుమూడవ మండలపు అధ్యక్షురాలు కాయిన్, విజయానంతరము, కాపిటల్ పిల్లలతో అవే క్రీడలను మరల జరిపింప దలచును. కాట్నిస్ బాణము పాత నియంతను విడిచి ఆమెను తాకును. పగ తీర్చుకొనుట న్యాయము కాదని కిశోర పాఠకునికి ఇంత నిష్ఠురముగా చెప్పిన జనప్రియ గ్రంథములు అరుదు.

ఉపసంహారము. పానెమ్ మండలములను మన పట్టణములకు ఒక్కొక్కటిగా అతుకుట ఈ వ్యాసోద్దేశము కాదు; అట్టి పోలిక అలంకారమై కూర్చుండును. చెప్పదలచినది ఇంతయే. మన బాలిక పరభాషా నవలలో తన ఊరిని గుర్తించుచున్నదనినచో, ఆమె చదువదగిన రూపమున ఆ ఊరు తెలుగున ఆమెకు ఇంకను అందలేదని అర్థము. జగిత్యాల కవి అలిశెట్టి ప్రభాకర్ 'ఎర్ర పావురాలు' వెలువడుసరికి ఇరువదినాలుగేండ్లవాడు. ఈ నేలపై యౌవనమునకు మాట కొఱవడలేదు. కొఱవడినది మరమగ్గపు చప్పుడులో పెరుగు పదునైదేండ్ల పిల్ల కథను ఆమె కొరకే చెప్పు నవల. అది వ్రాయువారు వ్రాయుదురుగాక. మన శాఖలు చేయదగినది కిశోర సాహిత్యమును పాఠ్యప్రణాళికలోను, పరిశోధనాంశములలోను చేర్చుట. కాలిన్స్ నవలను 'కొలిమి అంటుకున్నది' ప్రక్కన ఉంచి బోధించినచో, విద్యార్థి మొదటిదానిపై గల ప్రీతితోనే రెండవదాని యొద్దకు వచ్చును.