డీపీలో మూలలు

వాట్సాప్‌లో గ్రూపు బొమ్మ మారిస్తే ఫలానావారు మార్చారని గ్రూపులో అందరికీ కనిపిస్తుంది. మనిషి తన సొంత డీపీ మార్చుకుంటే మాత్రం ఎవరికీ కబురు వెళ్ళదు. చూసినవాళ్ళు చూస్తారు, లేకపోతే లేదు. ఫేస్‌బుక్ దీనికి పూర్తిగా వేరు. అక్కడ ప్రొఫైల్ ఫోటో మార్చడమే ఒక పోస్టు, దాని కింద లైకులు, "సూపర్ అన్నా"లు. ఈ చిన్న తేడా వల్ల రెండు చోట్లా రెండు ప్రక్రియలు తయారయ్యాయని నాకనిపిస్తుంది. ఫేస్‌బుక్‌ ఫోటో సభలో మైకు ముందు చదివే కవిత లాంటిది. వాట్సాప్ డీపీ, కవరు అంటించకుండా గూట్లో పెట్టిన ఉత్తరం. ఎవరో ఒకరు చూడాలనే పెడతారు. ఆ ఒకరు చూశారో లేదో పెట్టినవాళ్ళకి ఎప్పటికీ తెలీదు.

మన కథల్లో డీపీ వచ్చినప్పుడల్లా అది సెల్ఫీ పిచ్చికో, దొంగ అకౌంటుకో గుర్తుగానే వస్తోంది. పాత్రకి కొంచెం ఆత్మరతి ఉందని చెప్పాలంటే రోజుకో డీపీ మార్పిస్తే సరిపోతుంది, రచయితకి ఒక పేరా కలిసొస్తుంది. నా ఫోన్లో పేర్ల జాబితా కిందికి జరుపుతూ చూస్తే పరిస్థితి అలా లేదు. సింహాచలం అప్పన్న, వరసగా నలుగురు ఐదుగురి చిన్నపిల్లలు, ఒక బోటు, సముద్రం, చామంతులు, "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు". అసలు మనుషులు తక్కువ. తన గురించి చెప్పుకోవడానికి ఇచ్చిన చోట తాను లేకుండా తప్పుకున్నవాళ్ళే ఎక్కువ. నన్ను ఆపింది ఇదే. ఆత్మరతి అనే మాట ఇంతమంది విషయంలో పనికిరాదు.

స్క్రీన్లు చేసే ఉద్యోగం కాబట్టి ఒక సాంకేతిక సంగతి చెప్తాను, విసుక్కోకండి. డీపీ గుండ్రంగా కనిపిస్తుంది గానీ ఫోటో గుండ్రంగా ఉండదు. అది చతురస్రమే. దాని మీద గుండ్రటి కిటికీ పెట్టి చూపిస్తారంతే. వాట్సాప్‌లో పేరు పక్కనున్న బొమ్మని ఒకసారి నొక్కితే చతురస్రం తెరుచుకుంటుంది, నాలుగు మూలలూ బయటపడతాయి. ఎవరి భుజం మీదో ఒక చెయ్యి ఉంటుంది, ఆ చేతి తాలూకు మనిషి ఉండడు. పెళ్ళి ఫోటోలోంచి ఒకళ్ళని కోసుకుంటే పక్కవాళ్ళ పట్టుచీర అంచు మిగులుతుంది. కవిత్వంలో కొట్టివేతలు చూడాలంటే రాతప్రతి కావాలి. డీపీలో అయితే వేలితో నొక్కితే చాలు.

బోటు గురించి చెప్తాను. మా అపార్ట్‌మెంటుకి చేపలు తెచ్చే ఆయన వారానికి రెండుసార్లు వాట్సాప్‌లో ఫోటోలు పంపిస్తాడు: వంజరం ఇంత, చందువా ఇంత, రొయ్య ఇంత అని. ఆయన డీపీలో మరబోటు ఉంటుంది. నీలం రంగు, ముందు భాగానికి పూలదండ, పసుపు కుంకుమ. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మంటలు లేచి నలభై దాకా బోట్లు తగలబడ్డాయి కదా, ఆ బోటు వాటిలో ఒకటి. ఇది ఆయన చెప్తేనే తెలిసింది. బోటు ఆయనది కాదు కూడా. ఓనరు వేరు. ఈయన దాని మీద తొమ్మిదేళ్ళు కళాసీగా వేటకి వెళ్ళాడు. తర్వాత నడుము పట్టేసి ఒడ్డున అమ్మకంలోకి దిగాడు. కాలిపోయింది కదా, ఇంకా ఎందుకు ఉంచావని అడిగితే, "తీసీడానికి మనసొప్పలేదు బాబూ. ఉండనీ, అదేటి అన్నం అడుగుతాదా" అన్నాడు.

ఫోటోగ్రఫీ మీద ఏం రాసినా రోలాఁ బార్త్ రాక తప్పదు, రానిద్దాం. తల్లి 1977లో చనిపోయాక ఆయన రాసిన పుస్తకం 1980లో వచ్చింది. ఇంగ్లీషులో దాన్ని 'కెమెరా లూసిడా' అంటారు. అందులో చాలా ఫోటోలు వేశాడు గానీ, ఏ ఫోటో గురించి సగం పుస్తకం రాశాడో అది మాత్రం వెయ్యలేదు. అమ్మకి ఐదేళ్ళప్పటి ఫోటో. అది తనకే అది, మీకు మామూలు ఫోటోయే అని ఆయన వాదన. ఈ మాటని చాలామంది గొప్పగా చెప్పుకుంటారు. నాకు మాత్రం అందులో పుస్తకాలవాళ్ళ పొదుపు కొంచెం కనిపిస్తుంది. విలువైనది దాచాలి, దాచితేనే విలువ. మా చేపలాయన పద్ధతి వేరు. దాచలేదు, వివరించనూలేదు. ఆ బోటు చందువా ధర అడిగే ప్రతివాళ్ళకీ కనిపిస్తుంది, ఎవరికీ ఏమీ అనిపించదు. అందరికీ మామూలు ఫోటో అవుతుందన్న భయం ఆయనకి లేదు. పైగా ఆ మామూలుతనమే ఆయనకి రక్ష. ఎవరూ అడగరు కాబట్టి హాయిగా పెట్టుకోవచ్చు.

ముఖం పెట్టని ఆడవాళ్ళ విషయం వేరే. దీన్ని పిరికితనమనీ, పాతకాలమనీ అనేవాళ్ళు మా ఆఫీసులోనే ఉన్నారు, పాతికేళ్ళ కుర్రాళ్ళే. 2017లో ఫేస్‌బుక్ ప్రొఫైల్ ఫోటోకి ఒక రక్షణ ఏర్పాటు తెచ్చినప్పుడు దాన్ని మొదట మొదలుపెట్టింది మన దేశంలోనే: వేరేవాళ్ళు డౌన్‌లోడ్ చేసుకోకుండా, చుట్టూ నీలం గీత, కింద డాలు గుర్తు. ఇక్కడ చాలామంది ఆడవాళ్ళు ముఖం ఉన్న ఫోటో పెట్టడానికి భయపడుతున్నారని కంపెనీయే చెప్పుకుంది. భయం వాస్తవం. కానీ పువ్వులన్నిటికీ భయమే కారణం అనుకోవడం కూడా బద్ధకపు చదువే. మా టీములో ఒకమ్మాయి డీపీ ఆరేళ్ళుగా ఒకటే: కైలాసగిరి మీంచి తీసిన సముద్రం, వర్షం రాబోయే ముందు. ఒకరోజు క్యాంటీన్‌లో ఎవరో, "నీ డీపీలో నువ్వు ఎప్పుడూ ఉండవేంటి?" అన్నారు. "ఫోటో తీసింది నేనే కదా. కెమెరా వెనకాల ఉన్నాను" అంది. వాళ్ళింట్లో సంబంధాలు చూస్తున్న రోజులవి. అవతలివాళ్ళు ముందు నంబరు తీసుకుని, సేవ్ చేసుకుని, డీపీ చూస్తారట. ఆ తర్వాతే బయోడేటా అడగడం. వాళ్ళందరికీ సముద్రం కనిపించింది.

ఉత్తమ పురుషలో రాసిన మంచి కథల్లో చెప్పేవాడి ముఖం మనకి తెలీదు. ఏం చూశాడో, ఎక్కణ్ణుంచి చూశాడో తెలుస్తుంది. ఆ అమ్మాయి సమాధానంలో ఉన్న కథనశాస్త్రం ఇదే. దీనికి నేను ఇంకేమీ కలపక్కర్లేదు.

సాహిత్యం వాళ్ళ డీపీలు కూడా ఉన్నాయి, కాసేపు నవ్వుకోవడానికి. చలం డీపీ పెట్టుకునేవాళ్ళలో నూటికి తొంభై మంది పెట్టేది తెల్లగడ్డం చలాన్ని. ఆయన అరుణాచలం వెళ్ళింది 1950లో. 'మైదానం' వచ్చింది 1927లో, అప్పటికి ఆయనకి ముప్పయ్యి మూడేళ్ళు. రాజేశ్వరిని రాసిన మనిషి వేరు, డీపీలోని ఋషి వేరు. మా ఊళ్ళో పుట్టిన శ్రీశ్రీదీ అదే సంగతి. 'మహాప్రస్థానం' కవితలు చాలావరకు ఇరవైల్లో ఉన్న కుర్రాడు రాసినవి, డీపీల్లో తిరిగేది మాత్రం కళ్ళజోడు పెద్దాయన. యౌవనపు పుస్తకాన్ని ముసలి ముఖంతో గుర్తుపెట్టుకోవడం మనకి సుఖంగా ఉంటుంది కాబోలు. పెద్దాయన చెప్పాడంటే ఒప్పుకోవచ్చు.

ఇక ఉక్కు. 2021 జనవరి 27న వైజాగ్ స్టీల్‌లో కేంద్రం వాటా మొత్తం అమ్మడానికి కేబినెట్ కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. కొద్దిరోజుల్లో ఆ వార్త బయటికొచ్చింది. కూర్మన్నపాలెం జంక్షన్‌లో దీక్షా శిబిరం వెలిసింది. ఆ ఫిబ్రవరిలో గాజువాక, ఉక్కునగరం వైపు నాకు తెలిసిన నంబర్లన్నీ ఒకే డీపీలోకి మారిపోయాయి. ఎవరు ఫోన్ చేశారో పేరు చదివితే గానీ తెలిసేది కాదు. డీపీ పుట్టిందే మనిషిని గుర్తుపట్టడానికి. వీళ్ళు దాన్ని ఎవరినీ విడిగా గుర్తుపట్టకుండా ఉండటానికి వాడారు.

2015 జూన్‌లో ఇంద్రధనుస్సు రంగులూ, అదే ఏడాది నవంబరులో ఫ్రెంచి జెండా రంగులూ ప్రపంచమంతా వేసుకున్నప్పుడు ఫేస్‌బుక్ వాటికి బటన్ ఇచ్చింది. ఒక నొక్కుతో సంఘీభావం. ఉక్కు నినాదానికి ఎవరూ బటన్ ఇవ్వలేదు. గ్రూపులో వచ్చిన బొమ్మని సేవ్ చేసుకోవాలి, సెట్టింగుల్లోకి వెళ్ళాలి, గుండ్రంలో ఇమిడేలా సర్దాలి. అరవై దాటినవాళ్ళు ఈ పని కోసం మనవల్ని బతిమాలుకోవడం నేను చూశాను. ఆ మాత్రం శ్రమ ఉంది కాబట్టే వాటిని ఫ్యాషన్ అని కొట్టిపారేయలేను. అయితే నినాదం బొమ్మగా బలహీనం. అక్షరాలు సగం గుండ్రంలో తెగిపోయి "ఉక్కు ఆంధ్రు" అని మిగిలేది.

నా స్నేహితుడి నాన్నగారి డీపీ వేరుగా ఉండేది. నేను ఆయన్ని అంకుల్ అనే పిలుస్తాను. బ్లాస్ట్ ఫర్నేస్‌లో పనిచేసి రిటైరయ్యారు. అక్కడి ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. అంకుల్ మాత్రం "గోదావరి దగ్గర నైట్ షిఫ్ట్" అన్నప్పుడల్లా ఏటి గట్టునే కాపలా కాశారేమో అనిపిస్తుంది. ఆయన డీపీలోనూ అందరిలాగే ఎర్ర అక్షరాల నినాదమే. నొక్కితే కింద కుడి మూలలో తపాలా బిళ్ళంత నలుపు తెలుపు ఫోటో. తలపాగా చుట్టుకున్న రైతు, వాళ్ళ నాన్న. గాజువాకలో జిరాక్స్ షాపులో చెప్పి అతికించుకున్నారట. గుండ్రంలో కనబడదు, కనబడాలని పెట్టలేదు కూడా.

1966లో తెన్నేటి విశ్వనాథం, అమృతరావు పేర్లు ఊరూరా వినబడ్డ ఆ ఉద్యమం గురించి మనకి చెప్పేవాళ్ళు 32 మంది ప్రాణాలిచ్చారని చెప్తారు. నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. నినాదంలో ఉన్న కథ ఇంతవరకే. ఫ్యాక్టరీ కట్టడానికి అరవైకి పైగా ఊళ్ళు ఖాళీ చేయించారు. వేల కుటుంబాలకి నిర్వాసితుల ఆర్-కార్డులు వచ్చాయి. వాళ్ళలో వేల మందికి ఉద్యోగం ఇవాళ్టికీ రాలేదు. అంకుల్‌కి వచ్చింది. పొలం పోయిన నాన్నకి మాత్రం ఫ్యాక్టరీ గేటు లోపలికి ఒక్కసారి కూడా వెళ్ళాలనిపించలేదట. మధ్యలో హక్కు, మూలలో దానికి భూమి ఇచ్చినవాడు. ఉక్కు మీద వచ్చిన కవితలు నేను కొన్ని చదివాను. ఈ రెంటినీ ఒకే చతురస్రంలో పెట్టింది వాటిలో నాకు కనబడలేదు. హక్కు గురించి రాసినవాళ్ళు నిర్వాసితుల్ని మర్చిపోతారు, నిర్వాసితుల గురించి రాసినవాళ్ళకి ఫ్యాక్టరీ అంటే కోపం. అంకుల్‌కి రెండూ తన ఇంట్లోవే.

2022 ఆగస్టు 2న, పింగళి వెంకయ్య పుట్టినరోజున, 15 దాకా అందరూ డీపీలో జాతీయ జెండా పెట్టుకోవాలని ప్రధాని కోరారు. అంకుల్ పెట్టారు. ప్లాంటు అమ్ముతామన్నవాళ్ళు అడిగితే పెట్టారేంటని కొడుకు వేళాకోళం చేశాడు. "జెండా వాళ్ళదేంట్రా? పదిహేను దాకా అన్నారు, పెట్టాను" అన్నారు. పదహారో తారీకు పొద్దున్న, షిఫ్ట్ మారినట్టు, నినాదం మళ్ళీ వచ్చేసింది. మూలలో తలపాగాతో సహా.

1966లో పోయినవాళ్ళలో ఏ ఒక్కరి ముఖమూ ఏ డీపీలోనూ నేను చూడలేదు. నినాదం బతికింది, వాళ్ళు అంకెగా మిగిలారు. ఎవరి ఇంట్లోనో గోడమీద దండేసి ఉంటారు గానీ ఫోన్లలోకి రాలేదు. నినాదాల సాహిత్యం మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే. దానికి వాక్యం నోటికొస్తుంది, మనిషి గుర్తుండడు.

2025 జనవరిలో కేంద్రం ప్లాంటుకి 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. కొన్నాళ్ళకి అంకుల్ డీపీ మారింది. ఇప్పుడు మనవరాలు, స్కూల్ యూనిఫాంలో, నవ్వుతూ. నొక్కి చూశాను, మూలల్లో బడి గోడ తప్ప ఇంకేమీ లేదు. పేరు కింద 'అబౌట్'లో మాత్రం, అంతకుముందు ఏమీ రాయని చోట, నినాదం ఉంది.