డెలివరెన్సు చిత్రమునకు డిస్కుపై వ్యాఖ్యానములు

ఆధారము లేనిది వ్రాయరాదు, అక్కఱలేనిది చెప్పరాదు అని మల్లినాథసూరి తన వ్యాఖ్యలకు పెట్టుకొనిన నియమము సంస్కృతము చదివినవా రెల్ల నెఱిగినదే. “డెలివరెన్సు” అను ఆంగ్ల చలనచిత్రమునకు 2007లో వెలువడిన డిస్కును చూచుచుండగా మా కా నియమము మాటిమాటికి జ్ఞప్తికి వచ్చినది.

జేమ్సు డిక్కీ 1970లో ప్రకటించిన నవలను జాన్ బూర్మన్ 1972లో చిత్రముగ చేసెను. ఆనకట్ట కట్టి ముంచివేయనున్న నదిపై నలుగురు పట్టణవాసులు పడవలలో విహారమునకు పోయి, అడవిలో దౌర్జన్యమునకు గుఱియై, ప్రాణములు దక్కించుకొనుటకు పెనగుట అందలి కథ. డిస్కులో చిత్రముతోపాటు దర్శకుని వ్యాఖ్యానము, నాలుగు భాగముల పునరవలోకనము, 1972 నాటి ప్రచారచిత్ర మొకటి కలవు. ప్రచారచిత్రమును గూర్చి చెప్పవలసిన దేమియు లేదు. అంగడివాడు తన సరకును మెచ్చుకొనుట వింతయా?

తక్కినవి విలువగలవి. ఆ చిత్రనిర్మాణమునకు భీమా లేదు. చట్టూగా నదిలో నటులే తెడ్లు వేసిరి. నెడ్ బీటీ మునిగి చావు తప్పించుకొనెను. బర్ట్ రేనాల్డ్సు జలపాతమున పడి నడుము క్రింది యెముక విఱుగగొట్టుకొనెను. ఇవి తెలిసిన పిమ్మట చిత్రమును తిరిగి చూచితిమి. వారి ముఖములందలి భయము వట్టి నటన కాదని తోచినది. టీక యన నిట్లుండవలెను.

ఇక బాంజో వాయించు కుఱ్ఱవాని సన్నివేశము. ఆ స్థానికబాలునికి వాయిద్యము రాదు. వెనుక దాగిన మఱియొకని చేయి తంత్రులపై నాడినది. రూపమును జూచి వాని నేరుకొనిరి. ఉపాయము చమత్కారమే. కాని ఆ ముఖము తరువాత జార్జియా కొండవారి కందఱకు వెక్కిరింతయై అంటుకొనినది. వారి పక్షమున నొక వ్యాఖ్యానము నీ చిత్రమునకు తోడుగ వినిపించియుండిన నెంత బాగుండెడిది! ఆసాంతము వినవచ్చునది బూర్మనుగారి గొంతొక్కటే. చిత్రీకరణకాలమున ఆయనతో కలహించిన డిక్కీ 1997లోనే కాలధర్మము నొందుటచే, ఎదురు చెప్పుటకు మూలకర్తయు లేడు.

మే మింత పట్టుబట్టుటకు కారణము కలదు. నెల్లూరు తీరమున మా పొలములకు పాఱునది సోమశిల నీరు. ఆ జలాశయమున కడపజిల్లా గ్రామము లెన్నియో మునిగినవి. అట్టి యూరినుండి వచ్చి మా వీథిలో స్థిరపడిన పెద్దమనిషి యొకరు మాతోపాటు ఈ చిత్రము చూచిరి. జలపాతములకు ఆయన చలింపలేదు. చివఱ చర్చిని బండిపై తరలించి, సమాధులు త్రవ్వు దృశ్యము రాగా ముందుకు జరిగి, “అయ్యవారూ, ఆ ముక్క ఇంకోసారి వెయ్యండి” అనిరి. దర్శకుని మాటలు ఆపి మరల వేసితిమి.