లైసెన్సులోనూ పనితనమే

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణిల నుంచి బెంగళూరు వెళ్ళి కోడు రాస్తున్న మన పిల్లలు వీడియో యాప్ తలపెడితే, ముందు రెండు చోట్ల ఆగి చూడాలి.

మొదటిది బెంగళూరు సరుకే. 2001లో మొదలైన ఇట్టియం సిస్టమ్స్ హెచ్.264 వీడియోను కుదించడానికి, తిరిగి విప్పడానికి లిబ్‌ఎవిసి అనే లైబ్రరీ తయారుచేసి ఆండ్రాయిడ్‌కు ఇచ్చింది. సోర్సు ఫైలు తెరిస్తే లెక్కల కన్నా ముందు అపాచీ 2.0 షరతు, దాని కిందే ఇట్టియం పేరు, ఊరు కనిపిస్తాయి. ఫైలు విడిగా ఎక్కడికి పోయినా దాని చిరునామా వెంటే ఉంటుంది. అపాచీ అడిగేది కొంచెమే: లైసెన్సు ప్రతి జతచేయాలి, నోటీసులు చెరపకూడదు, ఫైళ్ళు మారిస్తే మార్చామని చెప్పాలి. మీ సొంత కోడు దాచుకుని యాప్ అమ్ముకోవచ్చు.

రెండోది 2000లో ఫాబ్రిస్ బెల్లార్డ్ మొదలుపెట్టిన వీడియో, ఆడియో సాధనాల మూట ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్. కంపైల్‌కు ముందు నడిపే దాని కాన్ఫిగర్ స్క్రిప్టు చూసి తీరాలి. మామూలుగా నడిపితే చివర్లో లైసెన్సు ‘ఎల్‌జిపిఎల్ 2.1’ అని చెబుతుంది. హెచ్.264 వీడియోను కుదించే ఎక్స్264 కూడా కావాలంటే అక్కడే ఆగిపోతుంది: అది జిపిఎల్ లైబ్రరీ, ఆ షరతుకు మీరు ఒప్పుకున్నట్టు రాయలేదు అంటుంది. ‘ఎనేబుల్ జిపిఎల్’ అని మన చేత్తో టైపు చేస్తేనే ముందుకు కదులుతుంది. దానికి తోడు ఆడియోను కుదించే ఎఫ్‌డికె ఏఏసి కూడా కలపాలంటే ‘నాన్‌ఫ్రీ’కి కూడా ఒప్పుకోవాలి, అప్పుడు తయారైన ప్రోగ్రామును ఎవరికీ పంచకూడదని చివరి వరసలో తేల్చేస్తుంది. వకీలు చెప్పాల్సిన మాటను బిల్డు మొదట్లోనే చెప్పించడం ఎంత ముందుచూపు!

ఈ లైసెన్సుల తేడా డబ్బుతో ముడిపడినది. ఎల్‌జిపిఎల్ లైబ్రరీని డైనమిక్‌గా లింకు చేసి, వాడుకరి దాన్ని మార్చుకునే వీలుంచి, ఆ లైబ్రరీ సోర్సు ఇస్తే మీ కోడు మీదే. జిపిఎల్ కలిపి ప్రోగ్రాము పంచితే మొత్తం సోర్సు అదే షరతు మీద ఇవ్వాలి. అది కుదరని వాళ్ళ కోసం ఎక్స్264కు డబ్బు కట్టి తీసుకునే వాణిజ్య లైసెన్సూ ఉంది. హెచ్.264 పేటెంట్ల రుసుము వేరే సంగతి. కోడు లైసెన్సు దాన్ని మాఫీ చేయదు.

యాప్ బయటికి వదిలేముందు కాన్ఫిగర్‌కు ఇచ్చిన ఆదేశాన్ని, వాడిన వెర్షన్ సోర్సును ఒకచోట భద్రపరచండి. అడిగినవాళ్ళకు చూపించడానికి అవే ఆధారం.