మెంతిగింజను విప్పి చూసిన పనితనం

కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు మెంతులు లేని వంటిల్లు కనబడదు. చలికాలం అంగడికి మెంతికూర కట్టలు వస్తాయి. పెసరపప్పుతో వండితే జొన్నరొట్టెలోకి అంతకు మించిన జోడు లేదు. ఎండాకాలం మామిడికాయ తొక్కు పెట్టే రోజుల్లో గింజ వంతు వస్తుంది. సన్నటి సెగ మీద, చెయ్యి ఆపకుండా కలుపుతూ, గింజ ఎర్రబడి కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాలి. కాస్త ఏమరితే గింజ నల్లబడుతుంది, జాడీలో తొక్కంతా చేదెక్కుతుంది. ఆ అదను తెలిసిన చెయ్యి పొడి కొడితే దాని రుచే వేరు.

మెంతులు ఒంటికి మంచివని మన పెద్దవాళ్లు తరతరాలుగా చెబుతున్నారు. మంచిదంటే ఏం మంచిది, గింజలో ఏ భాగం మంచిది, ఎంత తింటే మంచిది? ఈ మూడు ప్రశ్నలకూ ఓపిగ్గా జవాబు వెతికిన చోటు కామారెడ్డికి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలోనే ఉంది. అదే హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధి మీద మొదలుపెట్టిన చిన్న పరిశోధన విభాగం అది. 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. మెంతుల మీద ఆ సంస్థ చేసిన పని ప్రపంచమంతా గుర్తుపెట్టుకున్న పని. అయినా ఆ ఫలితాల కన్నా వాటిని రాబట్టిన తీరే నాకు ఎక్కువ ముచ్చటగా ఉంటుంది.

ఆ సంస్థ శాస్త్రవేత్త ఆర్.డి. శర్మ 1984లో ఎలుకల మీద మెంతుల ప్రభావాన్ని ప్రచురించారు. రక్తంలో కొలెస్ట్రాల్ తగ్గింది. అక్కడితో ఆగి మెంతులు మంచివని చాటి ఉంటే అది మరో వార్త అయ్యేదంతే. ఆయన ఆగలేదు. 1986లో మనుషుల మీద చేసిన అధ్యయనంలో మెంతిని ముక్కలుముక్కలుగా విడదీశారు. గింజను మొత్తంగా ఒకసారి, ఉడికించి ఒకసారి, జిగురును మాత్రమే వేరుచేసి ఒకసారి, జిగురు తీసేసిన గింజను ఒకసారి, వండిన మెంతికూరను ఒకసారి ఇచ్చి రక్తంలో చక్కెర ఎలా పెరుగుతుందో కొలిచారు. మొత్తం గింజ అన్నిటికన్నా బాగా పనిచేసింది. విడిగా ఇచ్చిన జిగురు కూడా పనిచేసింది. జిగురు తీసేసిన గింజకూ, వండిన ఆకుకూ పెద్దగా ప్రభావం కనబడలేదు. ఉన్నదాన్ని తీసేసి చూస్తేనే దాని విలువ తేలుతుంది. మంచి పరిశోధనలో ఉండే ఒడుపు ఇదే.

రాత్రి నానబెట్టిన మెంతులను పొద్దున వేళ్ల మధ్య నలిపి చూడండి, జారుడు జారుడుగా తగులుతుంది. ఆ జిగురే గెలాక్టోమన్నన్ అనే పీచు. మెంతుల బరువులో సగానికి దగ్గరగా పీచే ఉంటుంది.

1990లో శర్మ, టి.సి. రఘురామ్ బృందం టైప్ 1 మధుమేహం ఉన్నవారితో చేసిన అధ్యయనం నాకు మరీ నచ్చుతుంది. ఒక్కొక్కరికీ పది రోజులు మెంతులున్న భోజనం, పది రోజులు లేని భోజనం పెట్టారు. రెండు భోజనాల్లోనూ కెలోరీలు సమానం. ఏది ముందు, ఏది తర్వాత అన్నది ముందే నిర్ణయించకుండా మార్చి మార్చి ఇచ్చారు. ఎవరి ఫలితాన్ని వాళ్ల ఫలితంతోనే పోల్చారు. అంటే తేడా వస్తే దానికి కారణం మెంతులే తప్ప మనిషి కాదు, తిండి పరిమాణమూ కాదు. నూనె తీసేసిన మెంతిపొడి రోజుకు 100 గ్రాములు, మధ్యాహ్నం సగం, రాత్రి సగం తినిపించారు. మొత్తం కొలెస్ట్రాల్, చెడ్డదని చెప్పే ఎల్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్లు తగ్గాయి. మంచిదని పేరున్న హెచ్‌డీఎల్ మాత్రం మారలేదు. తగ్గాల్సినవి తగ్గి, ఉండాల్సింది ఉండటమే ఆ ఫలితంలోని అందం.

ఇదే ప్రశ్నను దూరదేశాల్లోనూ తవ్వారు. 1984లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు కుక్కల మీద పరీక్షించి, కొలెస్ట్రాల్ తగ్గించే గుణం మెంతి నూనెలో లేదనీ, నూనె తీసిన భాగంలోనే ఉందనీ చూపారు. 1993లో ఇజ్రాయెల్‌లో స్టార్క్, మదార్ ఆల్కహాల్‌తో తీసిన మెంతి సారాన్ని ఎలుకలకు ఇచ్చి కొలెస్ట్రాల్ తగ్గడం గమనించారు. ఆ సారం పేగులో పైత్యరసపు ఆమ్లాలను తిరిగి పీల్చుకోనివ్వకుండా అడ్డుకుంటోందని తేల్చారు. మెంతుల్లోని సాపోనిన్లు అనే పదార్థాలు ఇందుకు కారణమని వారి అంచనా.

దీని వెనకున్న లెక్క సులువే. కొవ్వును అరిగించడానికి కాలేయం కొలెస్ట్రాల్‌తోనే పైత్యరసపు ఆమ్లాలను తయారుచేస్తుంది. పని అయ్యాక వాటిలో చాలావరకు పేగు నుంచి తిరిగి కాలేయానికి చేరుతాయి. మెంతుల జిగురు, సాపోనిన్లు వాటిని పట్టి ఉంచితే అవి మలంతో బయటికి పోతాయి. లోటు పూడ్చుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను లాక్కుంటుంది. మన పక్కనే నిజామాబాద్‌లో విరివిగా పండే పసుపుకూ ఇలాంటి దారి ఉందని మైసూరు శాస్త్రవేత్తలు 1970లోనే ఎలుకల్లో చూపారు. పసుపులోని కర్క్యుమిన్ ఇచ్చినప్పుడు పైత్యరసపు ఆమ్లాలు, కొలెస్ట్రాల్ ఎక్కువగా బయటికి పోయాయి.

ఇక ఎంత తినాలన్న ప్రశ్న. 1996లో శర్మ బృందం టైప్ 2 మధుమేహం ఉన్న 60 మందికి 24 వారాల పాటు రోజుకు 25 గ్రాముల మెంతిపొడి ఇచ్చింది. ఇక్కడా కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు తగ్గాయి. నాలుగో వంతు మోతాదుతో, ఇంట్లో తినగలిగే మేరకు, నెలల తరబడి చేసిన పరీక్ష కనుక మామూలు మనిషికి ఇదే ఎక్కువ పనికొస్తుంది. అయినా 25 గ్రాములంటే రెండు పెద్ద చెంచాలకు పైనే. పోపులో వేసే చిటికెడు మెంతులు, తొక్కులోని పొడి రుచికి సరిపోతాయి. రక్తంలో కొలెస్ట్రాల్ తగ్గించేంత మోతాదు మాత్రం అందులో ఉండదు.

ఈ అధ్యయనాలు చాలావరకు కొద్దిమందితో జరిగినవే. అందుకే గింజను మందుగా కాక మంచి తిండిగా చూడటమే న్యాయం. గుండె మాత్రలు, చక్కెర మాత్రలు వేసుకునేవారు వాటిని సొంతంగా మానకూడదు. మెంతులు చక్కెరనూ తగ్గిస్తాయి కాబట్టి డాక్టరుకు చెప్పాకే మెంతుల మోతాదు పెంచుకోవాలి. రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవారు, గర్భిణులు ఎక్కువ మోతాదు జోలికి పోకూడదు.

పెద్దవాళ్ల మాటను గుడ్డిగా నమ్మకుండా, తేలిగ్గా తీసిపారేయకుండా, గింజను విప్పి, తూచి, కొలిచి చెప్పారు తార్నాక శాస్త్రవేత్తలు. మెంతుల గురించి ఎవరేం చెప్పినా ముందు మూడు ప్రశ్నలు అడగండి: ఏ భాగం, ఎంత మోతాదు, ఎన్ని రోజులు? ఈ మూడింటికీ జవాబు చెప్పలేని సలహాను నమ్మి మాత్ర మానకండి.